వాసన చెప్పే మనిషి

ఆ ఇంటి గడప దాటి మందు సీసా లోపలికి రావడం అదే మొదటిసారి. వచ్చింది ఒకటి కాదు, మూడు. చాటుమాటుగా కూడా కాదు. పట్టపగలు, అన్నం తినే బల్ల మీద, ఉప్పు డబ్బా పక్కన పెళ్లికొచ్చిన చుట్టాల్లా దర్జాగా నిలబడి ఉన్నాయి. డ్రైక్లీనింగ్ షాపులో పొద్దుటి ఇస్త్రీ ముగించుకుని భోజనానికి ఇంటికొచ్చిన ఆమె ఒక చెప్పు విప్పి, రెండోది విప్పడం మర్చిపోయి అలాగే నిలబడిపోయింది.

ఆమె భర్త పెద్ద హోటల్లో, బార్ కౌంటర్ వెనక మందు కలిపే మనిషి. కలపడమే తప్ప తాగడు. ఆ సంగతి చుట్టాల్లో ఒక్కరూ నమ్మరు. పెళ్లైన కొత్తలోనే ఆమె ఒక కట్టుబాటు పెట్టింది. ఆ ఉద్యోగం తాలూకు వాసన ఇంట్లోకి రాకూడదు. డ్యూటీ చొక్కా బాల్కనీలో విప్పాలి, స్నానం చేశాకే వంటింటి వైపు రావాలి. ఇన్నేళ్లలో ఆయన ఆ మాట ఒక్కసారి కూడా జవదాటలేదు. అలాంటి మనిషి ఇప్పుడా మూడు సీసాల ముందు చేతులు కట్టుకుని, పరీక్ష తప్పి ఇంటికొచ్చిన పిల్లాడిలా కూర్చుని ఉన్నాడు.

"నా వైపు చూడకు," అంది అత్తగారు కిటికీ పక్క కుర్చీలోంచి, మోకాలికి బామ్ రుద్దుకుంటూ. "నా కొడుకు చెడిపోయినట్టున్నాడు. కాస్త ఆలస్యంగా చెడిపోయాడు, అంతే."

ఆమె ఒంటికాలి మీద లేచింది. మంచాన పడ్డ జ్వరం తగ్గి వారం తిరగలేదు, ఇదేం బుద్ధి అంది. ముసలావిడ ఎదురుగా సిగ్గుగా లేదా అంది. ఇల్లా, బారా అంది. ఆయన, ఆమె ఊపిరి పీల్చుకునే సందు చూసి, నీళ్లలా తెల్లగా ఉన్న సీసా మూత తిప్పి ఆమె వైపు జరిపాడు.

"తర్వాత తిడుదువుగాని. ముందు ఇది వాసన చూసి ఏమొస్తోందో చెప్పు."

"నేను చెప్పడమేంటి? పొద్దస్తమానం వీటి మధ్యే కదా మీరుండేది."

ఆయన సీసా మూతని వేళ్ల మధ్య తిప్పుతూ ఉండిపోయాడు. "నాకు రావట్లేదు," అన్నాడు చివరికి. "ఏ వాసనా రావట్లేదు."

ఆమెకి మొన్నటి పాలు గుర్తొచ్చాయి. స్టవ్ మీద పాలు మాడి గిన్నె నల్లబడి ఇల్లంతా కమురు కొడుతుంటే, ఆయన పక్కనే స్టూలు మీద కూర్చుని నింపాదిగా గోళ్లు తీసుకుంటున్నాడు. ఆ రోజు ఆమె నానా మాటలూ అంది. ధ్యాస ఎక్కడుంది మీకు అంది. అవన్నీ ఇప్పుడు ఒక్కొక్కటే వెనక్కొచ్చి ఆమెకే తగిలాయి. రెండో చెప్పు విప్పి, వచ్చి ఎదురుగా కూర్చుంది.

జ్వరం పోతూ పోతూ వాసనని పట్టుకుపోయింది. నాలుక మీద చేదూ తీపీ ఉప్పూ తెలుస్తున్నాయి, అంతకుమించి ఏమీ లేదు. ఎవరికీ చెప్పకుండా ఆయన తనని తానే పరీక్షించుకున్నాడట. ఉల్లిపాయ, కర్పూరం, బాత్రూంలో ఫినాయిల్ సీసా. అమ్మ బామ్ డబ్బాలో ముక్కు పెట్టి కళ్లు మండేదాకా పీల్చాడట. కళ్లయితే మండాయి గానీ, వాసన మాత్రం లేదు.

"దానికి డాక్టర్ దగ్గరికెళ్లాలి గానీ మందు సీసాలు కొంటారా ఎవరైనా?"

డాక్టర్ దగ్గరికీ వెళ్లొచ్చాడట. రావచ్చు, రాకపోవచ్చు, రోజులు పట్టొచ్చు, ఏళ్లు పట్టొచ్చు అన్నాడట డాక్టరు. కానీ బార్ మేనేజరు మాత్రం ఈ ఆదివారమే వస్తున్నాడు. ఈ జ్వరం పడి లేచినవాళ్లని ముక్కు సరిగా ఉందో లేదో చూశాకే డ్యూటీలోకి తీసుకోవాలని యజమాని గట్టిగా చెప్పాడట. అందుకని మేనేజరు ఫోన్ చేసి, నువ్వు హోటల్‌కి రానక్కర్లేదు అన్నా, నేనే ఇంటికొస్తా, నా ఎదురుగా మూడు మందుల నెగ్రోనీ ఒకటి కలిపి చూపించు చాలు అన్నాడట.

"లేదని చెప్పేయండి. జ్వరమొచ్చి పోయింది, మీ తప్పేముంది?"

"పెద్ద వంటాయన చెప్పాడుగా," అన్నాడు ఆయన.

ఆ మాటతో ఆమె నోరు మూతపడిపోయింది. హోటల్ వంటవాళ్ల తెల్లకోట్లు ఆమె షాపుకే ఇస్త్రీకి వస్తాయి. అందులో పెద్ద వంటాయన కోటు ఆమెకి కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. ఎన్ని ఉతుకులు ఉతికినా దాని కాలర్‌లోంచి వేగిన ఉల్లిపాయ వాసన పోదు, ఆవిరి తగలగానే పైకి లేస్తుంది. ఆయనకీ ఇదే జ్వరం వచ్చింది, ఇలాగే వాసన పోయింది. పాపం అమాయకంగా ఉన్నదున్నట్టు చెప్పాడు. మర్నాటికల్లా ఒంటి మీద కోటు తీయించి, నేలమాళిగలో గిన్నెలు తోమే పనికి దింపేశారు. ఆ హోటల్ భోజనానికి పేరు తెచ్చిందే ఆ చెయ్యి. అప్పట్నించీ ఆ కోటు షాపుకి రావడం లేదు.

"అయితే నేనేం చెయ్యాలి?"

"నా బదులు నువ్వు వాసన చూడాలి. ఆయనకి తెలీకుండా."

"మోసం కదూ?"

"మోసమే," అన్నాడు ఆయన, తల దించుకోకుండా.

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని, ఏదో పాము పుట్టలో వేలు పెడుతున్నట్టు సీసా మీదకి వంగింది. గుప్పుమని ఘాటు కొట్టి తల వెనక్కి లాగేసుకుంది. మళ్లీ వంగింది. ఈసారి ఆ ఘాటు వెనకాల ఇంకేదో ఉంది. బాగా తెలిసినదే, కానీ ఇక్కడ ఉంటుందని ఎప్పుడూ అనుకోనిది. మూడోసారి వంగింది.

"ధనియాలు," అంది.

ఆయన కుర్చీలోంచి సగం లేచాడు. జిన్నులో ధనియాలు వేస్తారు, నిజమే. కానీ బార్లో ఇంతకాలంగా గ్లాసు మీద గ్లాసు తాగినవాళ్లలో ఒక్కరైనా ఆ మాట తనతో అనలేదన్నాడు. ఆ కళ్లలో కనబడ్డ గౌరవాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకి తెలియలేదు. లేచి వెళ్లి అన్నం వడ్డించింది.

శుక్రవారం షాపులో ఆమెకి పని సాగలేదు. సాగలేదంటే చేతులు ఆగలేదు, ధ్యాసే పక్కదారి పట్టింది. ఇస్త్రీపెట్టె కింద బట్ట వేడెక్కగానే అందులో దాగున్నదంతా ఆవిరితో పాటు పైకొస్తుంది. ఒక సూటులోంచి చుట్ట పొగ, ఒక చీరలోంచి బీరువాలో పెట్టిన కలరా ఉండలు, ఒక పసిపిల్ల గౌనులోంచి పుల్లటి పాలు. ఇన్నాళ్లూ ఇవి పనిలో చికాకులే. ముఖం పక్కకి తిప్పుకుని కానిచ్చేసేది. ఇవాళ ఒక్కొక్క బట్ట దగ్గరా ఆగి, ఇదేమిటి, ఇంకేముంది అని అడుగుతూ కూర్చుంది. ముఖం మధ్యలో ఇంత పెద్ద సరంజామా పెట్టుకుని ఎప్పుడూ వాడుకోలేదేమిటా అనిపించింది. పక్క బల్ల దగ్గర అమ్మాయి, ఏంటక్కా బట్టల్ని ముద్దు పెట్టుకుంటున్నావ్ అని నవ్వింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన బల్ల సర్దేసి ఉన్నాడు. మూడు సీసాలు, పొడుగాటి కలిపే గ్లాసు, సన్నటి మెలికల చెంచా, రెండు వైపులా గిన్నెలున్న కొలత, ఒక నారింజ పండు. భోజనం క్యారేజీ గిన్నెలో గడ్డకట్టించిన మంచుగడ్డని బోర్లించి, కత్తి వీపుతో ఒక్క దెబ్బ వేస్తే అది గీత గీసినట్టు రెండుగా విడిపోయింది. చూస్తావా అన్నాడు. ఆమె బల్ల అంచున కూర్చుంది. పెళ్లై ఇన్నేళ్లైనా ఆయన పని చేస్తుంటే ఆమె ఎప్పుడూ చూడలేదు. చూడాలని అనుకోనూ లేదు.

ఇంట్లో ఆ చేతులు ఎందుకూ కొరగావు. మేకు కొడితే గోడ పెచ్చు ఊడుతుంది, పాలు పోస్తే సగం గట్టు మీదే. అవే చేతులు ఇప్పుడు తొణకలేదు. జిన్ను కొలత అంచు దాకా వచ్చి, ఒక్క చుక్క ఎక్కువైతే పొర్లేలా ఉబ్బి నిలబడింది. అంత జిన్ను, అంతే ఎర్రటి చేదు మందు, అంతే వెర్మూత్ అనే మూలికల మందు. మూడూ మంచు మీద పడ్డాయి. చెంచా గ్లాసు గోడకి ఆనించి తిప్పడం మొదలుపెట్టాడు. చప్పుడు లేదు. చెంచా తిరుగుతున్నట్టే లేదు, వేళ్లు మాత్రం ముందుకీ వెనక్కీ జరుగుతున్నాయి. మంచూ మందూ కలిసి ఒకటే ముద్దగా మెల్లగా తిరుగుతున్నాయి. ఆయన గ్లాసుని చూడట్లేదు. తల కొంచెం పక్కకి వంచి వింటున్నాడు. మంచు కరిగేకొద్దీ దాని నడక మారుతుందట, ఎప్పుడు చాలో అదే చెబుతుందట.

ఆమె ముక్కున వేలేసుకుంది. ఈ మనిషితోనా ఇన్నాళ్లూ కరెంటు బిల్లు గురించీ కూరల గురించీ పోట్లాడింది అనుకుంది. ఎవరో గొప్పాయన వచ్చి తమ వంటింటి బల్ల దగ్గర కూర్చున్నట్టు ఒళ్లు జలదరించింది. పైట సర్దుకుని కూర్చుంది.

పొట్టి గ్లాసులో పెద్ద మంచుగడ్డ వేసి, కలిపినది దాని మీదికి వంపాడు. నారింజ తొక్క వెడల్పుగా ఒక ముక్క చీరి, గ్లాసు మీద రెండు వేళ్లతో మడిచి నొక్కాడు. కిటికీ వెలుగులో సన్నటి తుంపర లేచి గ్లాసు మీద వాలింది. నారింజ తొక్కలో ఆ తుంపర ఉంటుందని కూడా ఆమె ఎప్పుడూ గమనించలేదు.

"ఇప్పుడు చూడు."

సీసాలు ఒక్కొక్కటీ ఆమె ముందే వాసన చూసి ఉంది. జిన్నులో ధనియాలూ పచ్చి చెక్కపొట్టూ, ఎర్రదాంట్లో దగ్గుమందూ కమలాపండూ, వెర్మూత్‌లో మాచిపత్రీ లవంగమూ ఎండుద్రాక్షా. గ్లాసు మీదకి వంగి వాటి కోసం వెతికింది. అవేవీ లేవు. ఇందాక పోసినవి పోసినట్టు కళ్లారా చూసింది, ఇంకేమీ కలపలేదు. అయినా గ్లాసులో ఉన్నది ఆ మూడింటిలో ఏదీ కాదు. అది ఇంకోటి. ఎక్కణ్ణించి వచ్చిందో తెలియదు. చల్లగా, లోతుగా, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తలుపులు తెరుచుకుంటూ పోతున్నట్టు ఉంది. ఆమె చాలాసేపు తల ఎత్తలేదు.

"ఏమొస్తోంది?" అన్నాడు ఆయన. ఆ గొంతులో ఆకలి ఉంది.

ఆమె నోరు తెరిచి, మాట దొరక్క మూసేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అది ఘాటు వల్ల కాదు.

గ్లాసు సింకులో పారబోయబోతే అత్తగారు ఆపింది. అంత కష్టపడి చేసినది పారబోస్తార్రా, ఇలా తే అంది. ఒక్క గుక్క తాగి, ముఖం చిట్లించి, మా నాటు వైద్యుడి కషాయం దీనికంటే నయం, ఆ చేదుకి కనీసం విరేచనం సాఫీగా అయ్యేది అంది. అలా అంటూనే మిగిలిందీ తాగేసి, ఆ సాయంత్రమంతా మోకాలి నొప్పి ఊసు ఎత్తలేదు.

శనివారం పాఠం వెర్మూత్ గురించి. మూడింటిలోకీ సున్నితమైనది అదే అన్నాడు ఆయన. మిగతావి గట్టి సారాయిలు, మూత తీశాక బయట ఉంచినా చెడవు. ఇది అసలుకి ద్రాక్షసారాయి, మూలికలు వేసి చేస్తారు. మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టాలి, నెల లోపల వాడెయ్యాలి. బయట ఉంచితే గాలి తగిలి ముందు మూలికలు పోతాయి, తర్వాత పులుపు మిగులుతుంది. చూడ్డానికి అంతే ఉంటుంది, నాలుకకీ తొందరగా దొరకదు. గ్లాసు మొత్తాన్ని మాత్రం లోపల్లోపల పాడుచేస్తుంది. చెడిపోయినది చూపించడానికి ఇంట్లో లేదు. ఎలా ఉంటుందో మాటల్లో చెప్పడానికి తంటాలు పడ్డాడు. కోసి ఉంచిన యాపిల్, తడిసిన అట్టపెట్టె అన్నాడు.

"తడి ఆరకుండా మడిచి పెట్టిన ఉన్ని కోటు?" అంది ఆమె.

ఆయన కళ్లు మూసుకుని ఆలోచించాడు. "అదే," అన్నాడు.

మేనేజరు సీసాలు తనే తెస్తానన్నాడు కాబట్టి ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఆమె గుడ్డ తీసుకుని సీసాలు తుడిచే వంకతో మూతలు తీస్తుంది. బాగుంటే సీసా మీద అతికించిన బొమ్మ ఆయన వైపు తిప్పి పెడుతుంది, లేకపోతే గోడ వైపు. అంతే. ఇదంతా ఖాయం చేసుకున్నాక ఇద్దరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకోలేకపోయారు. పట్టుబడితే నేలమాళిగకి కూడా పంపరు, నేరుగా బయటికే అన్నాడు ఆయన. అన్నాక, ఎందుకన్నానా అన్నట్టు కొలత గిన్నెని తుడిచిందే తుడుస్తూ కూర్చున్నాడు. బార్ లేకపోతే ఈయన ఎవరు అనే ప్రశ్న ఆమెకి మొన్నటిదాకా లేదు. నిన్న ఆ చేతుల్ని చూశాక వచ్చింది. వచ్చాక గుండె చిక్కబట్టుకోవడం కష్టమైంది.

ఆదివారం మధ్యాహ్నం మేనేజరు మెట్లెక్కుతుండగానే ఆమెకి తెలిసిపోయింది. అంత సెంటు కొట్టుకున్నాడు. తలుపు తీసేసరికి గది నిండిపోయింది. అత్తగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని లోపలికెళ్లిపోయింది. మేనేజరు ఆమె భర్త కంటే చిన్నవాడు, ఇద్దరూ ఒకప్పుడు పక్కపక్కనే గ్లాసులు తుడిచినవాళ్లు. అన్నా అని భర్తనీ, వదినా అని ఆమెనీ పలకరించాడు. ముఖం మాత్రం పీక్కుపోయి ఉంది. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చున్నాడు. సంచీలోంచి మూడు సీసాలు తీసి బల్ల మీద పెడుతుంటే వేళ్లు వణకడం ఆమె గమనించింది. పరీక్ష పెట్టేవాడికి వణుకెందుకో ఆమెకి అర్థం కాలేదు.

"మన బార్లోవే తెచ్చా," అన్నాడు. "మొదలుపెట్టన్నా."

ఆమె గుడ్డ తీసుకుంది. సంచీలో సీసాలకి దుమ్ము పట్టిందంటూ ఏదో గొణిగి, మొదటి సీసా మూత తీసి మెడ తుడిచింది. సెంటు మధ్యలోంచి వెతుక్కుని పట్టుకుంది. ధనియాలు. బొమ్మ ఆయన వైపు తిప్పింది. ఎర్రది కూడా బాగానే ఉంది. మూడోది సగానికి తగ్గి ఉంది. మూత తీయగానే ముఖం మీద ఎవరో తడి ఉన్ని కోటు విసిరినట్టయింది. మాచిపత్రి లేదు, లవంగం లేదు. ఆమె ఇంకోసారి చూసుకుని, సీసాని గోడ వైపు తిప్పి పెట్టింది.

భర్త జిన్ను కొలిచి పోశాడు, ఎర్రది పోశాడు. మూడో సీసా మీద ఆయన చెయ్యి ఆగింది. ఆమెకి అది ఉచ్చేమో అనిపించింది. కావాలని చెడినది తెచ్చాడేమో. కాకపోతే, మీ బార్ సరుకు పాడైందని మేనేజరు ముఖం మీదే అన్నట్టవుతుంది. ఎటు చూసినా తన ముక్కు మీదే ఆయన బతుకంతా నిలబడి ఉంది. మూడ్రోజుల కిందట మొదలుపెట్టిన ముక్కు. ఆయన మాత్రం ఆమె వైపు ఒక్కసారి కూడా అనుమానంగా చూడలేదు. సీసా ఎత్తి, ముక్కు దగ్గర పట్టి, దించాడు.

"ఇది పోయింది," అన్నాడు. "వాడకూడదు."

మేనేజరుకి కోపం రాలేదు. ముఖం పాలిపోయింది. సీసా అందుకుని తనూ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, పెట్టుకుని చాలాసేపు ఉంచాడు. అవును, ఏదో తేడాగానే ఉంది అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఎన్నాళ్ల కిందట పోయుంటుందన్నా?" అన్నాడు.

ఆయన నీళ్లు నమిలాడు. ఆమె నోరు ఆమె మాట వినలేదు. "మూలికలు పూర్తిగా పోయాయి. చాలా రోజులే అయ్యుంటుంది," అనేసింది.

మేనేజరు ఆమెని చూశాడు, ఆమె చేతిలో గుడ్డని చూశాడు, తన చేతిలో సీసాని చూశాడు. భర్త కొలత గిన్నెని బల్ల మీద పడుకోబెట్టాడు.

"ఇంక దాచేదేముంది," అన్నాడు. "నాకు ముక్కు పోయింది. చూసింది ఆవిడ. తప్పు నాది, ఆవిడకేం సంబంధం లేదు. గిన్నెలు తోమమంటే తోముతా, పొమ్మంటే పోతా."

మేనేజరు సీసా బల్ల మీద పెట్టి, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. భుజాలు కదులుతుంటే మొదట నవ్వుతున్నాడనుకుంది ఆమె.

"నాకు పోయి రెండేళ్లవుతోందన్నా," అన్నాడు అరచేతుల్లోంచి.

అర్థం కావడానికి వాళ్లకి కాసేపు పట్టింది. ఏదో జలుబుతో మొదలై పోయిందట, మళ్లీ రాలేదట. భార్యకి కూడా చెప్పలేదట. అప్పట్నించీ కొత్త సీసా తెరిచినా, పాతది తీసినా, ముందు నువ్వు చూడన్నా అని ఈయన చేతికిచ్చేవాడు. తన మీద నమ్మకం లేక రోజూ పరీక్ష పెడుతున్నాడని భర్త లోలోపల నొచ్చుకునేవాడు. మేనేజరు మాత్రం ఈయన ముక్కుని పట్టుకునే ఈదుకొచ్చాడు. ఈయన మంచాన పడ్డ దగ్గర్నించీ బార్లో గ్లాసులు సగం సగం వెనక్కొస్తున్నాయట. ఎందుకో ఎవరూ చెప్పరు, తనకి తెలిసే దారి లేదు. ఇవాళ వచ్చింది పరీక్ష పెట్టడానికి కాదు, నీ ముక్కు బాగుంటే చాలని వెయ్యి దేవుళ్లకి మొక్కుకుంటూ వచ్చానన్నాడు.

ఆమెకి జాలి వేసింది. జాలి వెనకాలే ఒళ్లు మండింది.

"మరి పెద్ద వంటాయన్ని కిందకి పంపిందెవరు?"

"నేనే," అన్నాడు మేనేజరు. "నలుగురి ముందు చెప్పేశాడు వదినా. ఊరుకుంటే నా వైపు చూస్తారని భయమేసింది."

భర్త చెడిన సీసాకి మూత బిగించాడు. రేపు డ్యూటీకి వచ్చెయ్యన్నా, నేను చూసుకుంటా, మనం మనం ఒకటి అన్నాడు మేనేజరు. ఇద్దరికీ లేకపోతే ఎలా చూసుకుంటారు అంది ఆమె. దానికి సమాధానం ఉన్నది ఆమె దగ్గరే. అది ఆ మగాళ్లిద్దరికంటే ముందు ఆమెకే తెలిసింది, తెలిసి ఒక క్షణం భయపడింది.

"తెరిచిన సీసాలు వారానికోసారి ఇంటికి తీసుకురండి," అంది భర్తతో. "నేను చూసి చెబుతా. బాల్కనీలో కాదు, ఈ బల్ల మీదే." తర్వాత మేనేజరు వైపు తిరిగింది. "ముందు పెద్ద వంటాయన కోటు నా షాపుకి రావాలి. ఉప్పూ పులుపూ చూసి చెప్పడానికి అంత పెద్ద వంటింట్లో ఒక్క మనిషి దొరకరా ఆయనకి?"

రేపు యజమానితో మాట్లాడతా వదినా అన్నాడు అతను.

"రేపు మాట్లాడితే ఎల్లుండి సీసాలు పంపండి."

అతను తలూపాడు. ఆ ఊపులో మర్యాద లేదు, బేరం లేదు, అలిసిపోయిన మనిషి బరువు దించుకున్నట్టుంది. పడుకోబెట్టిన కొలత గిన్నెని భర్త మళ్లీ నిలబెట్టాడు. చెప్పకుండానే ఆమె ఫ్రిజ్‌లోంచి ఇంటి వెర్మూత్ తెచ్చి, మూత తీసి చూసి, బొమ్మ ఆయన వైపు తిప్పి పెట్టింది. ఆయన పోశాడు. చెంచా చప్పుడు లేకుండా తిరిగింది. మేనేజరు కుర్చీ దగ్గరికి జరుపుకుని, కొత్తగా పనిలో చేరినవాడిలా ఆ వేళ్లనే చూస్తూ కూర్చున్నాడు. ఆమె కిటికీ రెక్కలు రెండూ బార్లా తీసి, సెంటు వాసన పోయేదాకా ఆగింది. నారింజ తొక్క మడిచి నొక్కగానే తుంపర లేచింది. గ్లాసుని భర్త తన ముందుకీ, మేనేజరు ముందుకీ కాకుండా ఆమె ముందుకి జరిపాడు.

ఆమె వంగింది. మొన్నటిలాగే మాట పోయింది. ఇద్దరు మగాళ్లు తన ముఖాన్నే చూస్తున్నారు. తమ చేతులతో ఎన్నో వేలసార్లు పుట్టించినదాన్ని ఇంకెప్పటికీ కలుసుకోలేమేమోనన్న భయం ఆ నాలుగు కళ్లలోనూ ఉంది.

"నాకు చెప్పడం రాదు," అంది. "మీకెలా ఉండేదో మీరు చెప్పండి. ఉందో లేదో నేను చెబుతా."

భర్త కళ్లు మూసుకున్నాడు. "మొదట నారింజ. పండు కాదు, తొక్క. పైపైనే ఉంటుంది."

"ఉంది."

"దాని వెనక చేదు," అన్నాడు మేనేజరు. అతనూ కళ్లు మూసుకుని ఉన్నాడు. "మందు చేదు కాదు వదినా. ఎండిన చెట్టు బెరడు గిల్లితే వచ్చేది."

ఆమె వెతికింది. ఎక్కువసేపు పట్టలేదు. "ఉంది."

"అన్నిటికీ అడుగున మాచిపత్రి," అన్నాడు భర్త. "గ్లాసు చేతిలో కాసేపు పట్టుకుంటే గానీ రాదు."

ఆమె గ్లాసుని రెండు చేతుల మధ్యా పట్టుకుంది. వేళ్లు చల్లబడ్డాయి. "ఉంది."

"ఆ తర్వాత..." అని ఆగాడు ఆయన. "ఆ తర్వాత ఒక్క క్షణం ఏమీ ఉండదు. అంతా పోయినట్టుంటుంది. భయపడకు. ఆగితే, మళ్లీ అన్నీ కలిసి ఒక్కసారే వస్తాయి. దాని కోసమే నేనీ పని వదల్లేదు."

ఆమె కదలకుండా ఉంది. నిజంగానే ఏమీ లేకుండా పోయింది. లోపలి గదిలో అత్తగారు కూడా చప్పుడు చెయ్యట్లేదు. ఆమె భయపడలేదు, ఊపిరి మెల్లగా లోపలికి తీసుకుంటూ ఆగింది. ఎదురుగా ఇద్దరూ కళ్లు మూసుకునే ఎదురుచూస్తున్నారు.

"వచ్చింది," అంది.